ఒక్క చేతిలో రెండు బిళ్లలు

కాక పోయాడని మా తమ్ముడు చెప్పాడు. పెద్దపల్లి బస్టాండులో కరీంనగర్ బస్సు కోసం నిలబడి ఉంటే మాటల్లో మాటగా చెప్పాడు. "ఎదురింటి లాంపు రూము కాక పోయిండక్కా, మంగళారం నాడు. పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట." అని, "బస్సు జల్ది రాదు గని పిల్లకు బిస్కిట్లు తెస్త" అంటూ దుకాణం వైపు వెళ్లిపోయాడు. వాడిని అనేందుకు ఏముంది? వాడికి ఊహ తెలిసేసరికే కాక రోడ్డు మీద నిలబడి పిల్లల తలలు తడిమే పిచ్చాయన. నేను మాత్రం పక్కన ఎవరిదో బియ్యం మూట ఉంటే అడగకుండానే దాని మీద కూలబడ్డాను.

ఆయన నాకు సొంత కాక, అంటే బాబాయి, కాదు. గోదావరిఖనిలో మా క్వార్టరుకు ఎదురు క్వార్టరు వాళ్లది. మా నాయన బాయిలోకి దిగి బొగ్గు నింపేవాడు. మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. కాక కిందికి దిగేవాడు కాదు. బాయి మీద లాంపు రూములో ఆయన పని. దిగేవాళ్లకు తలకు పెట్టుకునే దీపాలు ఇవ్వడం, ఎక్కి వచ్చాక తీసుకుని బ్యాటరీలు చార్జింగుకు పెట్టడం. ఆ బ్యాటరీల్లో యాసిడ్ చిందిచిందీ ఆయన చొక్కాలన్నీ చిల్లులే. కాక పెళ్లాం, మా చిన్నమ్మ, ఆ చిల్లులకు లోపలివైపు నుంచి గుడ్డ పెట్టి కుట్టేది. కుట్టు పైకి కనిపించేది కాదు. "మీ కాకది అంగి కాదే, జల్లెడ. బియ్యం జల్లించుకోవచ్చు" అని నవ్వేది. అప్పట్లో చిన్నమ్మ ఊరికే నవ్వే మనిషి.

లాంపు రూముకు నడుమెత్తున ఒక చిన్న కిటికీ ఉండేదట. అందులోంచి లోపలున్నవాడికి బయటివాడి ముఖం కనిపించదు, చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా కాక చూసినవి చేతులే. అందుకని ఆయనకు మనిషి ముఖం కంటే చెయ్యే బాగా గుర్తు. పెళ్లి పందిట్లో ఎవరైనా "రాం రాం" అని చెయ్యి పట్టుకుంటే తల ఎత్తకుండానే, "ఏంది మల్లన్న, రెండో షిఫ్టా?" అని అడిగేవాడు. చిన్నప్పుడు బొగ్గుల పొయ్యి మీద పడి నా కుడిచేతి బొటనవేలు కాలి, గోరు వంకరగా మొలిచింది. కాక కనబడితే చాలు, నేను వెనక నుంచి వెళ్లి ఆయన ముఖం ముందు చెయ్యి ఆడించేదాన్ని. "ఈ వంకర గోరు మా సుగుణమ్మది" అనేవాడు. ఎన్నిసార్లు ఆడినా ఇద్దరికీ విసుగు పుట్టేది కాదు.

దీపం తీసుకునే ముందు ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ల కాక చేతికి ఇవ్వాలి. కాక దాన్ని మేకుకు తగిలిస్తాడు. పైకి వచ్చి దీపం ఇస్తే బిళ్ల వాపసు. మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని లెక్క. ఒకసారి ఒక బలమైన మనిషి, తన దీపంతో పాటు తమ్ముడి దీపం కూడా కిటికీలో పెట్టాడట. వాడు వెనకాలే వస్తున్నాడు, రెండు బిళ్లలూ ఇటివ్వమన్నాడట. కాక ఇవ్వలేదు. "ఒక్క చెయ్యి, ఒక్క బిళ్ల. నీ తమ్మునికి చెయ్యి లేదా?" అన్నాడట. వెనక లైనంతా తిట్టింది. తమ్ముడు వచ్చి చెయ్యి పెట్టేదాకా కాక కిటికీ దగ్గర చలించలేదు. ఈ సంగతి మా నాయన అన్నం తింటూ గొప్పగా చెప్పేవాడు.

మా కాలనీలో ఎవరి ఊరు వాళ్లకు దూరం. అందుకని ఒక ఇంట్లో బిడ్డను తొట్టెలలో వేసినా, పుట్టువెంట్రుకలు తీసినా, పెళ్లయినా మా వరస క్వార్టర్లన్నీ కదిలేవి. కార్తీకంలో ఒక ఆదివారం గోదారి ఒడ్డుకు వంటలకు పోవడం తప్పనిసరి. బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి తిరిగే లారీ ఒకటి మాట్లాడుకునేవాళ్లు. ఆరు రోజులు నల్లగా కనిపించే మా నాయన ఏడో రోజు సిమెంటు దుమ్ముతో తెల్లగా కనిపించేవాడు. అది చూసి మేము పిల్లలం పడిపడి నవ్వేవాళ్లం.

ఇన్ని ప్రయాణాల్లో పిల్లల్ని లెక్కపెట్టే పని కాక తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. డాల్డా డబ్బా రేకును గుండ్రంగా కత్తిరించి, అంచులు నున్నగా రుద్ది, మేకుతో పొడిచి నంబర్లు వేశాడు. లారీ దిగగానే ఎవరి నంబరు వాళ్లకు ఇచ్చేవాడు. తిరుగు ప్రయాణంలో లారీ ఎక్కే ముందు ఎవరి బిళ్ల వాళ్లు ఆయన చేతిలో పెట్టాలి. ఆయన ఒక ఇనుప తీగకు గుచ్చుకునేవాడు. మొత్తం ముప్పై ఒక్క బిళ్లలూ తీగకు ఎక్కాక, "ఇగ పోనియ్" అని డ్రైవర్‌కు కేక వేసేవాడు. తలలు లెక్కపెడితే సరిపోదా అని మా నాయన అడిగితే, "పిల్లలు నిలబడరే అన్న, చీమల లెక్క తిరుగుతరు. బిళ్ల నిలబడ్తది" అన్నాడు. చిన్నమ్మ ఊరుకునేది కాదు. "పెండ్లికి పోతూ పిల్లిని సంకలవెట్టుకొని పోయినట్టు, ఈయన బిళ్లల సంచి లేనిది గడప దాటడు" అనేది. ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు. కాక కూడా నవ్వేవాడు, సంచి మాత్రం వదిలేవాడు కాదు.

కాకకూ చిన్నమ్మకూ చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కతే కూతురు స్వరూప. నా ఈడుది. నా నంబరు పదిహేడు, దానిది ముప్పై ఒకటి, అన్నిటికంటే ఆఖరుది. ఒకటో నంబరు కావాలని అది ప్రతిసారీ ఏడ్చేది. విస్తళ్లు వేసేటప్పుడు కూడా కాక దాన్ని చివరి బంతిలో కూర్చోబెట్టేవాడు. మిఠాయి పంచినా ముందు ఊరి పిల్లలకు, మిగిలితే దానికి. ఎవరైనా పాపం అంటే ఆయన మాట ఒకటే. "మనదే గదా. ఆగుతది తియ్." ఆ మాటను నేను మా ఇంట్లో, బడిలో, ఊళ్లో ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. దానికి దక్కే మర్యాద ఒక్కటే. తిరిగి వచ్చేటప్పుడు నిద్ర ఆపుకోలేదు కనుక దాన్ని డ్రైవర్ పక్కన క్యాబిన్‌లో పడుకోబెట్టేవాళ్లు.

ఆ ఆదివారం నాకు పదేళ్లు. గోదారి ఒడ్డున ఉసిరి చెట్టు కింద పొయ్యిలు పెట్టారు. కార్తీకంలో కోడికూర వండాలా వద్దా అని మగవాళ్లకూ ఆడవాళ్లకూ తగువు అయి, చివరకు రెండు వేరువేరు పొయ్యిలు వెలిగాయి. నేనూ స్వరూపా నీళ్లకు దగ్గర్లో ఇసుకలో బాయి తవ్వాము. మా నాయన చెప్పే కథల్లోలాగా ఏటవాలుగా తవ్వి, లోపల ఉసిరికాయలు పెట్టి, వాటిని బొగ్గు అనుకుని పుల్లలతో బయటకు లాగాము. పొద్దు వాలే దాకా అదే ఆట. డ్రైవర్ చీకటి పడేలోగా లారీ ఫ్యాక్టరీకి చేర్చాలట, హారన్ మీద హారన్ కొట్టాడు. అందరం గిన్నెలూ చాపలూ చుట్టుకుని పరుగెత్తాము.

లారీ వెనక డోరు దగ్గర కాక తీగ పట్టుకుని నిలబడ్డాడు. స్వరూప నా వెనక ఉంది. సగం దారిలో ఆగింది. "ఉసిరికాయలు బాయిలనే మర్చిపోయిన. నా బిళ్ల గూడ నువ్వే ఇయ్యి, ఉరికొస్త. నీకు సగమిస్త" అని బిళ్ల నా చేతిలో పెట్టింది. సగం ఇస్తానంది కాబట్టి నేను తీసుకున్నాను. ఇంత చిన్న సంగతి. నా వంతు రాగానే చెయ్యి పైకి చాపాను, అందులో రెండు బిళ్లలు. కాక రెండో బిళ్లను తిప్పి చూశాడు. నవ్వాడు. "దొరసాని అయింది మా పిల్ల. నౌకర్లతోని బిళ్ల పంపిస్తంది" అన్నాడు. డ్రైవర్ మళ్లీ హారన్ కొట్టాడు. రెండు బిళ్లలూ తీగకు ఎక్కాయి. "ఇగ పోనియ్."

లారీలో నా పక్కన స్వరూప లేదని నాకు తెలుసు. క్యాబిన్‌లో పడుకుని ఉంటుందనుకున్నాను. చిన్నమ్మ కూడా అదే అనుకుంది, కాక కూడా. క్యాబిన్‌లో కూర్చున్న ముసలవ్వ, పిల్ల ఈసారి వెనక ఆడపిల్లలతో ఉందనుకుంది.

కాలనీలో లారీ ఆగాక కాక ఒక్కొక్కరినీ చంకలో పట్టుకుని కిందికి దించాడు. తర్వాత క్యాబిన్ తలుపు తీశాడు. ముసలవ్వ కర్ర పట్టుకుని దిగింది. ఆయన లోపలికి చూసి, సీటు కిందా చూసి, మెల్లగా అడిగాడు. "నా బిడ్డేది?" ఆయన తీగ చేతిలోకి తీసుకుని బిళ్లలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "ముప్పై ఒకటి ఉన్నయి గదా" అన్నాడు. చిన్నమ్మ ఆయన రెక్క పట్టుకుని గుంజుతున్నా, "ఉన్నయి గదనే, అన్ని ఉన్నయి" అంటూ ఆ తీగను ఆమెకు చూపిస్తున్నాడు. నేను మా అమ్మ కొంగు వెనక కుక్కిన పేనులా ఉన్నాను. అప్పుడే నోరు తెరిచి ఉసిరికాయల సంగతి చెప్పి ఉంటే, వెతికేవాళ్లు ఎటు పోవాలో తెలిసేది. చెప్పలేదు. భయపడ్డాను.

మగవాళ్లు బాయి దీపాలు పట్టుకుని అదే లారీలో వెళ్లారు. మా పిల్లల్ని ఇళ్లలోకి తరిమేశారు. పొద్దున స్వరూపను తెచ్చారు. మేము తవ్విన బాయికి కొంచెం దిగువన, ఇసుక జారిన మడుగులో దొరికిందట. నేను చూడలేదు, చూడనివ్వలేదు. ఇప్పటికీ నా ఇంట్లో ఉసిరికాయ పచ్చడి పెట్టను. మా అత్తగారు ఎందుకని అడిగితే పడదని చెప్పాను.

ఏడుపులు సద్దుమణిగాక పెద్దవాళ్లు కాకను కూర్చోబెట్టి అడిగారు, ఆ పిల్ల బిళ్ల నీకు ఎవరు ఇచ్చారని. నేను మా గడపలో నిలబడి విన్నాను. "నేనే తీసుకున్న. ఎవలిచ్చిన్రో యాదికి లేదు" అన్నాడు. వందల చేతులు గుర్తున్న మనిషి అలా అంటే ఎవరికీ అనుమానం రాలేదు. దుఃఖంలో మరిచిపోయాడనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

ఆనాటి నుంచి చిన్నమ్మ ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం లేదు. చెప్పదలచుకున్నది నల్లా దగ్గర నీళ్లు పట్టేటప్పుడు, ఆయనకు వినపడేలా మాతో చెప్పేది. "ఊరి పిల్లలందరినీ లెక్కవెట్టెటోడు, సొంత బిడ్డను లెక్కవెట్టలే." ఎన్నేళ్లు గడిచినా అదే మాట, అవే అక్షరాలు. కాక తల వంచుకుని సైకిల్ తోసుకుంటూ డ్యూటీకి వెళ్లిపోయేవాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నా బిందె నిండిందో లేదో చూసుకోకుండా ఎత్తుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

రెండేళ్లు ఎవరూ వంటలకు పోలేదు. మూడో ఏడు మళ్లీ మొదలైంది. కాకను పిలిస్తే రాలేదు. కానీ సాయంత్రం లారీ వచ్చే వేళకు కాలనీ మలుపులో నిలబడి ఉండేవాడు. బిళ్లలు లేవు, సంచి లేదు. లారీ దిగిన ప్రతి పిల్ల తల మీదా అరచెయ్యి ఆనించి, ఒక్క క్షణం అలా ఉంచి, వదిలేవాడు. పెదాలు కదిలేవి. పెళ్లివాళ్ల లారీ వచ్చినా అంతే, జాతర నుంచి బండ్లు వచ్చినా అంతే. మొదట్లో జాలిపడ్డ తల్లులే తర్వాత, ఆ చెయ్యి తగిలితే పిల్లలకు మంచిది కాదని పక్కకు లాక్కునేవాళ్లు. ఆయన చాచిన చెయ్యి గాలిలో ఉండిపోయేది. దాన్ని వెనక్కి తీసుకుని తర్వాతి పిల్ల కోసం చూసేవాడు. నాకు పెళ్లీడు వచ్చేదాకా చూశాను ఆ దృశ్యం, ఇంట్లోకి పోయి తలుపేసుకోవాలనిపించేది.

పద్దెనిమిదేళ్లకు నాకు పెళ్లి కుదిరింది. పందిరి వేసిన రోజు చిన్నమ్మ రేషన్ దుకాణానికి వెళ్లడం చూసి నేను రోడ్డు దాటాను. కాక గడప మీద కూర్చుని తన చొక్కాకు తానే గుడ్డముక్క వేసుకుంటున్నాడు. చిన్నమ్మ ఆ పని మానేసి ఎనిమిదేళ్లయింది. ఆయన కుట్టు వంకరటింకరగా పైకే కనిపిస్తోంది.

"కాకా, ఆ దినం స్వరూప బిళ్ల నేనే ఇచ్చిన" అన్నాను. ఎన్నో మాటలు కూడగట్టుకుని వచ్చాను గానీ ఇదొక్కటే వచ్చింది.

సూది ఆగలేదు. "ఎర్కే బిడ్డా."

"ఎర్కనా?"

"వంకర గోరు గాదానే. చూడకుంట ఎట్లుంట?"

"మరెందుకు చెప్పలే?"

దారం పళ్లతో తెంపి, చొక్కా మోకాలి మీద పరిచాడు. "పదేండ్ల పిల్లవు నువ్వు. ఇచ్చినవు. తీసుకున్నోన్ని నేను. వేరెవల బిళ్లన్న అయితే తీసుకోకపోదును. లారీ ఆపి, ఆ పిల్లను పట్టుకొచ్చి చెయ్యి వెట్టిపిద్దును. తిప్పి జూసిన, ముప్పై ఒకటి. మనదే గదా అనుకున్న." అని ఆగాడు. ఆ మాట తానే విన్నట్టు చేతులు చూసుకున్నాడు. "మనదే గదా అనుకున్న బిడ్డా."

నేను ఏడ్చాను. చిన్నమ్మకు ఇప్పుడే చెప్తాను, ఇంత అన్యాయంగా నువ్వు మాటలు పడాల్సిన పని లేదు అన్నాను. ఆయనకు మొదటిసారి కోపం వచ్చింది.

"చెప్పకు. ఆమె కోపానికి ఒక మనిషి గావాలె. ఆ మనిషి ఇంట్లనే ఉన్నడు, మంచిగనే ఉంది. నువ్వు ఇంకో ఇంటికి పోయేదానివి. ఈ బరువు ఆడికి మోసుకవోతవా? ఇద్దరం మోసేది ఏం లేదు. పో, పసుపు రాసేటందుకు పిలుస్తున్నరు."

అప్పగింతలయ్యాక నేను వ్యాను ఎక్కుతుంటే ఆయన మలుపులో నిలబడి ఉన్నాడు. వ్యాను ఆపించాను. కిటికీలోంచి తల వంచాను. అరచెయ్యి నా తల మీద పెట్టాడు. యాసిడ్ వాసన వచ్చింది. అదే నేను ఆయన్ని ఆఖరుసారి దగ్గరగా చూడటం.

బస్టాండులో బిస్కిట్లు తెచ్చిన తమ్ముడికి నా పిల్లను అప్పగించి, నేను వెనక్కి గోదావరిఖని బస్సు ఎక్కాను. దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. ఇప్పుడు ఆయన లేడు, చెప్పొద్దన్న మాట ఆయనతోనే పోయింది, చిన్నమ్మకు చెప్పేస్తాను. అది ఆయన కోసమని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజానికి నా కోసమే.

చిన్నమ్మ చాప మీద కూర్చుని కాక చొక్కా కుడుతోంది. ఆయన వేసుకున్న వంకర కుట్లు విప్పేసి, లోపలివైపు నుంచి గుడ్డ పెట్టి, మునుపటిలాగా పైకి కనిపించకుండా. "దానమియ్యాలె గదా బట్టలు. గిన్ని చిల్లులతోని ఎట్లిస్త" అంది, నేను అడగకుండానే. నేను పక్కన కూర్చున్నాను. నోరు తెరిచేలోగా ఆమే మాట్లాడింది.

"పదమూడేండ్లు ఒక్క మాట మాట్లాడలే నేను ఆయనతోని. పండుకున్నడు, లేపుదామనుకున్న, ఏమని పిలవాల్నో తెల్వక నిలవడ్డ. అప్పటికే సల్లగైండు." సూది గుడ్డలో అలాగే ఉంది. "నువ్వు ఆ దినం లారీలనే ఉంటివి గద బిడ్డా. నిజం చెప్పు. తప్పు ఆయనదే గదా?"

ఆమె ముఖం చూశాను. దారి పొడుగునా అనుకున్న మాట గొంతు దాకా వచ్చింది. అది బయటికి వస్తే ఈమెకు ఈ పదమూడేళ్లూ ఏమవుతాయి? కాక ఎందుకు చెప్పొద్దన్నాడో అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయన కాపాడింది నన్నొక్కదాన్నే కాదు.

"అవును చిన్నమ్మా. ఆయనదే" అన్నాను.

ఆ రెండో బిళ్లను మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాను. ఈసారి తీసుకోవడానికి కూడా ఆయన లేడు.

చిన్నమ్మ చాలాసేపు తల ఊపింది. తర్వాత సూది చొక్కాకు గుచ్చి పక్కన పెట్టి, లేచి, ముఖం తుడుచుకుంది. "ఎండల వడి వచ్చినవ్. తిని పో" అని కంచం తెచ్చింది. కూర్చుని తిన్నాను.